యుద్ధ క్రీడల్లో ప్రఖ్యాత ఇతివృత్తం, ఆటగాడి స్వేచ్ఛ: ఒక చారిత్రక పరిశీలన

ఆలంకారికులు ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించారు. వసుచరిత్ర అవతారికలో రామరాజభూషణుడు మిశ్రం వైపు మొగ్గు చూపడం తెలుగు పరిశోధకులకు తెలిసినదే. కథ లోకానికి ముందే తెలిసి ఉన్నప్పుడు కవికి మిగిలే స్వేచ్ఛ ఎంత అన్నది అక్కడి ప్రశ్న. యుద్ధ వ్యూహ క్రీడల చరిత్రలో ఆటగాడి విషయంలోనూ ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ తలెత్తింది.

1780లో బ్రన్స్‌విక్‌కు చెందిన హెల్విగ్ చదరంగాన్ని విస్తరించి ఒక యుద్ధ క్రీడను ప్రకటించాడు. అందులో సేనలు గళ్లకు కట్టుబడే కదలాలి. 1812లో ప్రష్యా రాజుకు తన ఆటను సమర్పించిన బారన్ ఫాన్ రైస్విట్స్ గళ్లను వదిలి నేల స్వరూపాన్నే బల్ల మీదికి తెచ్చాడు. ఫిరంగి దళంలో అధికారి అయిన ఆయన కుమారుడు 1824లో నియమావళిని ప్రచురించి ఆటకు స్థిరరూపం ఇచ్చాడు. 1:8000 కొలతలో గీసిన పటం, రెండు నిమిషాల కాలాన్ని సూచించే వంతులు, పాచికలు, వీటన్నిటికీ మించి ఒక మధ్యవర్తి ఇందులోని అంగాలు. ఆటగాడు తన ఆజ్ఞలను మధ్యవర్తికి అందజేస్తాడు. కంటికి ఆనేంత దూరం వస్తే తప్ప శత్రుసేన పటం మీద కనబడదు. ఆరంభ పరిస్థితిని మాత్రమే మధ్యవర్తి కల్పిస్తాడు, తరువాతి కథ ఆటగాళ్ల నిర్ణయాల నుంచి పుట్టాలి. ప్రష్యా సైన్య ప్రధాన సిబ్బందికి అధిపతి అయిన మ్యూఫ్లింగ్ దీనిని సైన్యమంతటికీ సిఫారసు చేశాడు.

అయితే పట్టికలూ లెక్కలూ పెరిగి ఆట నత్తనడక నడిచింది. 1870ల్లో మెకెల్ ఈ నియమాల బరువును విమర్శించాడు. 1876లో వెర్డీ దు వెర్న్వా పాచికలను, పట్టికలను పక్కనబెట్టి, ఫలితాన్ని మధ్యవర్తి అనుభవానికే వదిలాడు. ఈ పద్ధతికి ‘స్వేచ్ఛా యుద్ధ క్రీడ’ అని పేరు వచ్చింది. పేరు కొంత మోసపుచ్చేదే. నియమం నుంచి విడుదలైనవాడు మధ్యవర్తి; ఆటగాడు పాచిక ఆధీనం నుంచి పై అధికారి ఆధీనంలోకి మారాడు, అంతే.

ఈ మార్పులోని ప్రమాదం 1942లో జపాన్ నౌకాదళంలో బయటపడింది. మిడ్‌వే దండయాత్రకు ముందు యమాతో నౌకపై ఆడిన క్రీడలో, పాచికల ప్రకారం అకాగి, కాగా విమానవాహక నౌకలు మునిగినట్లు మధ్యవర్తి తేల్చగా, అడ్మిరల్ ఉగాకి తగిలిన బాంబుల సంఖ్యను తగ్గించి అకాగిని బ్రతికించాడు. మునిగిన కాగా కూడా తరువాతి ఘట్టంలో మళ్లీ తేలింది. ఫుచిదా, ఒకుమియా కలిసి రాసిన గ్రంథం ఈ సంగతి చెబుతుంది. ఫుచిదా కథనాల్లో కొన్నింటిని తరువాతి చరిత్రకారులు శంకించారు; కాని ఆ క్రీడలో ఒకుమియా స్వయంగా మధ్యవర్తి. జూన్‌లో జరిగిన అసలు యుద్ధంలో ఆ రెండింటితో కలిపి నాలుగు విమానవాహక నౌకలు మునిగిపోయాయి. గెలుపు కథ ముందే రాసిపెట్టుకున్నచోట ఆట హెచ్చరించినా వినేవారు ఉండరు.

వినోదం కోసం అచ్చయిన ఆటల్లో బంధం మరో రూపం తీసుకుంది. 1958లో చార్లెస్ రాబర్ట్స్ రూపొందించిన ‘గెటిస్‌బర్గ్’లో సేనలు చరిత్రలో వచ్చిన వేళకు, వచ్చిన దారినే రంగంలోకి దిగుతాయి. దిగిన తరువాత వాటిని నడిపే తీరు ఆటగాడి ఇష్టం. ఆలంకారిక పరిభాషలో ఇది మిశ్రమే.

కంప్యూటర్ ఆటల్లో స్వీడన్‌కు చెందిన పారడాక్స్ సంస్థ రచనలు ఇక్కడ గమనార్హం. ‘యూరోపా యూనివర్సాలిస్’ రెండవ భాగంలో (2001) రాజులు, ప్రధాన సంఘటనలు చారిత్రక తేదీలకు కట్టుబడి ఉండేవి. ఆటగాడు ప్రపంచాన్ని ఎంత మార్చినా గద్దెనెక్కే రాజు మారడు. మూడవ భాగం (2007) ఆ బంధాన్ని చాలావరకు విప్పి, సంఘటనలను పరిస్థితులకు ముడిపెట్టింది. దానితో అసంగతి తగ్గినా దేశాల ప్రత్యేకత కూడా కొంత పలచబడింది. ‘హార్ట్స్ ఆఫ్ ఐరన్’ నాలుగవ భాగం (2016) నిర్ణయాన్ని ఆటగాడికే వదిలింది: కంప్యూటర్ నడిపే దేశాలు చరిత్రను అనుసరించాలా, వద్దా అన్నది అతడే ఎంచుకోవచ్చు. అనుసరించమని ఎంచుకుంటే, పోలండ్ పక్షాన ఆడేవాడికి జర్మనీ దాడి 1939లో వస్తుందని ముందే తెలుసు. అందుకు తగినట్లు మూడేళ్లు ముందుగానే కోటలు కట్టుకుంటాడు. రైస్విట్స్ మధ్యవర్తి పటం మీద దాచి ఉంచినది సరిగ్గా ఆ తెలివిడినే.