ఇందిరమ్మ ఇళ్లు: యాప్‌లో ఫొటో ఎక్కితేనే బిల్లు!

ఉట్నూర్: ఇందిరమ్మ ఇల్లు కట్టుకునేవారు మేస్త్రీ పనితో పాటు యాప్ లెక్క కూడా చూసుకోవాల్సిందే. 2024 మార్చి 11న భద్రాచలంలో పథకం మొదలైంది. డిసెంబర్ 5న మొబైల్ యాప్ వచ్చింది. మొదట దరఖాస్తుదారుల సర్వేకు వాడిన యాప్‌లోనే ఇప్పుడు పని దశలూ నమోదవుతున్నాయి.

మొత్తం సాయం రూ.5 లక్షలు, నాలుగు విడతలు. బేస్‌మెంట్ పూర్తయితే రూ.లక్ష. ఆ తర్వాత గోడలు, స్లాబ్, చివరగా ఇల్లు పూర్తయ్యాక మిగతా బిల్లులు. ప్రతి దశలో ఇంటి దగ్గరే ఫొటో తీసి, లొకేషన్‌తో ఎక్కిస్తారు. అధికారులు సరిచూశాకే డబ్బు ఖాతాలో పడుతుంది.

విస్తీర్ణం 400 నుంచి 600 చదరపు అడుగుల లోపే ఉండాలి. సిగ్నల్ అందని గూడేల్లో ఫొటో లేటయితే బిల్లూ లేటే. సిమెంటు, కూలీకి అప్పు తెచ్చినవారికి వడ్డీ పెరుగుతుంది. అందుకే ఒక దశ అయిపోగానే పంచాయతీ కార్యదర్శికి చెప్పాలి.