స్టువర్టుపురం నుంచి షోలాపూర్ దాకా: కంచె లోపలి బతుకులు

వార్షికోత్సవ సంచిక అనగానే మన వలసల గురించి, మన మగ్గాల గురించి రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి మన ఇరుగుపొరుగు చరిత్ర కూడా కొంత రాద్దామనుకున్నాం. షోలాపూర్‌లో ఉన్న మనవాళ్లకి సెటిల్‌మెంట్ అనే పేట తెలియనిది కాదు. ఆ పేరు ఎందుకొచ్చిందని పిల్లలు అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తగ్గిపోతున్నారు. ఆ జవాబు రాసి ఉంచాలనే ఈ ప్రయత్నం.

1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం చేసింది. మొదట అది ఉత్తరాది ప్రాంతాలకే వర్తించింది. 1911లో చట్టాన్ని తిరగరాశాక మద్రాసు, బొంబాయి రాష్ట్రాల్లోకీ వచ్చింది. నేరం చేసినవాణ్ణి శిక్షించడం వేరు, ఒక తెగలో పుట్టాడు కాబట్టి నేరస్థుడనడం వేరు. ఈ చట్టం చేసింది రెండోది. ప్రభుత్వం ఒక తెగ పేరు ప్రకటిస్తే చాలు, దాన్ని ప్రశ్నించే అధికారం ఏ కోర్టుకీ లేదు. పేర్లు రిజిస్టర్‌లో రాసేవారు, వేలిముద్రలు తీసుకునేవారు, చెప్పిన వేళకి హాజరు వేయించుకోవాలి. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరేచోట ఉంచే అధికారం కూడా ఆ చట్టంలో ఉంది.

ఇంతకీ ఎవరు వీళ్లు? ఒక్క ఎరుకల వారినే తీసుకుందాం. తమిళ దేశంలో కొరవలు, కన్నడ దేశంలో కొరమలు, మహారాష్ట్రలో కైకాడీలు వీరికి దగ్గరివారే. ఎద్దుల మీద, గాడిదల మీద సముద్రతీరపు ఉప్పును లోపలి ఊళ్లకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. గంపలు, తట్టలు అల్లేవారు. రైలు వచ్చింది, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది, అడవి చట్టాలతో పశువుల మేత పోయింది. దానిపై 1876-78 నాటి ధాత కరువు. తిరిగే బతుకు దెబ్బతింది, తిరగడమే అనుమానానికి కారణమైంది.

ఇది చదువుతుంటే మన కథ గుర్తు రావడం లేదూ? మాంచెస్టర్ గుడ్డ వచ్చి మన మగ్గాన్ని దెబ్బకొట్టింది. అదే కరువు మన ఇళ్లలోనూ పొయ్యి ఆర్పింది. దెబ్బ ఇద్దరికీ ఒక్కటే. మన పెద్దలు మూట కట్టుకుని పని ఉన్న ఊరు వెతుక్కుంటూ పోయారు. వాళ్లకి ఆ దారి కూడా లేకుండా చేశారు.

గుంటూరు సీమలో బాపట్లకీ చీరాలకీ మధ్య 1913-14 ప్రాంతంలో ఒక వ్యవసాయ సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో ముఖ్యుడైన సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరు మీద అది స్టువర్టుపురం అయింది. నడిపే పని సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. సాగుకు నేల ఇచ్చారు గానీ ఆ నేల మీద హక్కు ఇవ్వలేదు. బాగుచేసుకుంటే తప్ప పండని భూమి అది. పొలంతో కడుపు నిండక, చీరాలలో ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీలో కూలికి పంపారు. గోడలు లేవన్నమాటే గానీ, చీటీ లేకుండా పొలిమేర దాటితే నేరం. సంస్కరణ అని పేరు, తీరు మాత్రం జైలుదే. బెజవాడ దగ్గర సీతానగరంలో రాతిపని, కావలిలో, కర్నూలు జిల్లా సిద్ధాపురంలో కూడా ఇలాంటివే.

1921లో పన్నుల భారం భరించలేక చీరాల-పేరాల జనం దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు విడిచి, ఊరి బయట రామనగర్ కట్టుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. చీరాల నేతగాళ్ల ఊరు. ఆ పోరాటం మనకి గర్వకారణం. అయితే అదే కాలంలో, కొద్ది మైళ్ల దూరంలో, ఊరు విడిచి వెళ్లే స్వేచ్ఛే లేని జనం ఉన్నారన్న సంగతి కూడా ఆ గర్వం పక్కన రాసుకోవాలి.

బొంబాయి వైపు వ్యవసాయం కన్నా మిల్లుపనికే మొగ్గు చూపారు. స్టార్ట్ అనే ఐ.సి.ఎస్. అధికారి చేతి కింద బిజాపూర్, హుబ్లీ, గదగ్, షోలాపూర్‌లలో సెటిల్‌మెంట్లు వెలిశాయి. షోలాపూర్‌లో మొదటి మిల్లు 1877లో మొదలైంది. కరీంనగర్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మనవాళ్లు ఆ ఊరు చేరి తూర్పు భాగంలో స్థిరపడ్డారు. మిల్లులకి చేతులు కావాలి, సర్కారుకి కాపలా సులువు కావాలి. అలా సెటిల్‌మెంట్ మనుషులు కూడా మిల్లుల్లోకి వచ్చారు. భోంగా మోగితే పోయేది అందరూ. పని దిగాక మనవాళ్లు ఇంటికి, బజారుకి, మగ్గం గుంటకి పోయేవారు. వాళ్లు ముళ్లతీగ లోపలికి పోయి హాజరు ఇవ్వాలి. నడవడి బాగుందని అధికారికి తోస్తే లైసెన్సు మీద బయటి కాలనీలో ఉండనిచ్చేవారు. ఇప్పటికీ ఆ పేటలో ఫ్రీ కాలనీ అనే పేరు వినిపిస్తుంది. ఫ్రీ అన్న మాట వెనుక ఇంత కథ ఉంది.

స్వాతంత్ర్యం వచ్చాక మాడభూషి అనంతశయనం అయ్యంగార్ గారి అధ్యక్షతన వేసిన కమిటీ ఈ చట్టాన్ని రద్దు చేయమంది. 1952 ఆగస్టు 31న అది రద్దయింది. దేశానికి 1947లో వచ్చిన స్వాతంత్ర్యం వీరికి ఐదేళ్లు ఆలస్యమైంది. అందుకే వీరిని విముక్త జాతులంటారు, ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. కాగితం మీద పోయినా మనసుల్లోంచి పోలేదు. జైలు నియమావళుల్లో కులాన్నిబట్టి పని పంచే నిబంధనలు, ఈ జాతులను అలవాటు నేరస్థులుగా చూసే మాటలు ఆ తర్వాతా మిగిలే ఉండేవి. 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు అవి రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. రద్దయిన చట్టం నీడ ఇన్నాళ్లు నిలిచింది.

మాటల్లో ఆ నీడ ఇంకా ఉంది. స్టువర్టుపురం అనగానే దొంగలు అనేయడం తెలుగులో సామెతలా అయిపోయింది. సినిమాలు కూడా ఆ పేరునే వాడుకున్నాయి. అద్దెకి ఇల్లు అడిగినప్పుడు, ఉద్యోగానికి పోయినప్పుడు ఊరి పేరు చెప్పడానికి జంకే పిల్లవాడి సంగతి ఆలోచించండి. నూలు చిక్కుపడితే తెంపేయం, ఓపిగ్గా విడదీస్తాం. మాటలో పడ్డ చిక్కునీ అలాగే విడదీయాలి.

మా విన్నపం ఒక్కటే. మిల్లుల్లో పనిచేసిన తాతలు, అమ్మమ్మలు మన ఇళ్లలో ఇంకా కొందరున్నారు. పక్క సాంచాపై పనిచేసిన సెటిల్‌మెంట్ మనిషి గురించి వాళ్లని అడగండి. సమ్మె రోజుల్లో ఎవరు ఎవరికి అన్నం పెట్టారో అడగండి. ఫోనులో రికార్డు చేసి దాచండి. మన వలస చరిత్ర రాసినప్పుడు అందులో వాళ్ల పేర్లూ ఉండాలి. ఒకే మిల్లులో వడికిన నూలు కట్టుకున్నవాళ్లం, ఒకరి చరిత్ర లేకుండా ఇంకొకరిది పూర్తి కాదు.