స్పృహలోనే శస్త్రచికిత్స: కంటి వైద్యంలో మత్తుమందుల చరిత్ర

మత్తుమందుల చరిత్రను సాధారణంగా 1846 అక్టోబరు 16న బోస్టన్‌లో విలియం మోర్టన్ జరిపిన ఈథర్ ప్రదర్శనతో ప్రారంభిస్తారు. కంటి వైద్యానికి వచ్చేసరికి ఆ తేదీ మనకు అంతగా ఉపకరించదు. ఈథర్, ఆ మరుసటి ఏడాది వచ్చిన క్లోరోఫామ్ రోగిని పూర్తిగా స్పృహ తప్పించేవి. తెలివి వచ్చాక వాంతులయ్యేవి. ఆనాడు కంటి కోతకు కుట్లు వేయడం అరుదు కాబట్టి, వాంతి ఒత్తిడికి గాయం తెరుచుకుంటే చూపే పోవచ్చు. అందువల్ల రోగిని కదలకుండా పట్టుకొని, మత్తు లేకుండానే కోయడం కొనసాగింది.

మన హైదరాబాదుకు కూడా ఈ చరిత్రలో స్థానముంది. ఎడ్వర్డ్ లారీ చొరవతో, నిజాం ప్రభుత్వ ధనసహాయంతో 1888, 1889లలో రెండు క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. క్లోరోఫామ్ వల్ల ముందు ఆగేది శ్వాసా, గుండా అన్నదే వాటి చర్చ. శ్వాసేనన్న వాటి నిర్ణయం తరువాతి పరిశోధనల ముందు నిలవలేదు. రోగి బతుకుతాడా అన్నదే అప్పటి ప్రశ్న. అతనికి ఎలా ఉందన్న ప్రశ్న ఇంకా పుట్టలేదు.

అసలు మలుపు అంతకు నాలుగేళ్ల ముందే వియన్నాలో వచ్చింది. కార్ల్ కోలర్ అప్పటికి 26 ఏళ్ల యువ వైద్యుడు. కొకైన్ నాలుకను మొద్దుబారుస్తుందని చాలామందికి తెలుసు. అతని మిత్రుడు సిగ్మండ్ ఫ్రాయిడ్ ఆ మందు మీదే పనిచేస్తున్నాడు. దానిని కంటిలో వేసి చూడాలన్న ఆలోచన మాత్రం కోలర్‌దే. మొదట కప్ప కంటిలో, చివరకు తన కంటిలోనే చుక్కలు వేసుకొని, గుండుసూది తలతో నల్లగుడ్డును తాకి చూసుకున్నాడు. హైడెల్‌బర్గ్ సమావేశానికి వెళ్లడానికి దారిఖర్చులు లేకపోవడంతో 1884 సెప్టెంబరు 15న అతని పత్రాన్ని బ్రెట్టావర్ అనే వైద్యుడు చదివాడు. మరుసటి సంవత్సరం ఫ్రాయిడ్ తండ్రికి కంటి ఆపరేషన్ ఈ మందుతోనే జరిగింది.

అయితే చుక్కల మందు కనుగుడ్డుకు చాలుతుంది గాని రెప్ప చర్మానికి, కండరానికి చాలదు. అక్కడ సూదిమందు తప్పదు. 1905 నాటి ప్రొకైన్, 1943లో స్వీడన్‌లో నీల్స్ లోఫ్‌గ్రెన్ తయారుచేసిన లిడోకైన్ కొకైన్ కంటే సురక్షితమైనవి. కాని కంటి ఎదుటికే సూది వస్తుంటే కలిగే భయాన్ని అవి తీర్చలేవు. ఆ భయం తగ్గించడానికి డయాజిపామ్ (1963), తరువాత మిడజోలామ్ వంటి మందులను రక్తనాళం ద్వారా కొద్దికొద్దిగా ఇవ్వసాగారు. కాన్షస్ సెడేషన్ అంటే ఇదే. పిలిస్తే పలికేటంత మగతలో రోగి ఉంటాడు.

వాలిన రెప్పను ఎత్తే ఆపరేషన్‌లో ఇది సౌకర్యం మాత్రమే కాదు, అవసరం కూడా. నడుమ వైద్యుడు రోగిని కళ్లు తెరిపించి, పైకి చూడమని, రెండు రెప్పల ఎత్తునూ పోల్చి కుట్టు సరిచేస్తాడు. మగత ఎక్కువైతే రోగి ఆ మాట వినడు, శ్వాస కూడా మందగించవచ్చు. తక్కువైతే బెదిరి తల కదిలిస్తాడు.

ఇక్కడ చరిత్ర విద్యార్థి ఆగి ఆలోచించవలసిన చిక్కు ఒకటుంది. మిడజోలామ్ నొప్పిని తగ్గించే మందు కాదు. భయాన్ని తగ్గిస్తుంది, జరిగినదాన్ని మరపిస్తుంది. మరునాడు రోగి “ఏ బాధా లేదండీ” అంటే, బాధ లేదని అర్థమా, గుర్తు లేదని అర్థమా? రోగి సంతృప్తిని కొలిచే ప్రశ్నావళులు ఎక్కువగా ఆపరేషన్ తరువాతి మాటనే నమోదు చేస్తాయి. సూది దిగినప్పుడు రోగి ముఖం చిట్లించడం, బల్ల అంచును గట్టిగా పట్టుకోవడం పక్కనున్న నర్సు చూస్తుంది. ఈ రెండు సాక్ష్యాలూ పొసగనప్పుడు రెండవదాన్ని పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.