ఇన్వర్టరు కన్నా ముందు ఎర్తింగు

రామచంద్రపురం: తుపాను హెచ్చరిక వినబడితే ఒకప్పుడు డెల్టా గ్రామాల్లో లాంతరు చిమ్నీలు తుడిచి, కిరోసిన్‌ పోసి సిద్ధంగా ఉంచుకునేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్లకు ఛార్జింగు పెట్టి, ఇన్వర్టరు బ్యాటరీలో నీటిమట్టం చూసుకుంటున్నారు. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపాను కోనసీమలో కొబ్బరితోటలతో పాటు విద్యుత్‌ స్తంభాలను నేలకూల్చిన నాటికి సామాన్యుల ఇళ్లలో ఇన్వర్టరు అరుదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం సమీపంలో తీరం దాటే నాటికి అది మధ్యతరగతి గృహోపకరణాల్లో ఒకటిగా స్థిరపడింది. ఈ రెంటి నడుమ 2012, 2013 వేసవి కోతలున్నాయి. కృష్ణా-గోదావరి బేసిన్‌ గ్యాస్‌ సరఫరా తగ్గి, జేగురుపాడు వంటి గ్యాస్‌ ఆధారిత కేంద్రాలకు ఇంధనం కరవైన రోజులవి. గ్యాస్‌ ఈ ప్రాంతపు భూగర్భంలోదే, చీకటీ ఈ ప్రాంతపు ఇళ్లలోదే.

అయితే ఇన్వర్టరుపై పెట్టిన శ్రద్ధ ఇంటి వైరింగుపై కనిపించదు. పాత పెంకుటిళ్లలో చెక్క పట్టీలపై బిగించిన తీగలకే ఫ్రిజ్‌, వాషింగ్‌ మెషీన్‌, నీటి మోటారు, కొన్నిచోట్ల ఏసీ కూడా తగిలించారు. ఫ్యూజు తరచూ పోతోందని అందులో లావుపాటి తీగ చుట్టేవారికి కొదవలేదు. అలా చుట్టినప్పుడు కాలిపోవలసిన ఫ్యూజు నిలిచి, గోడలోని తీగ వేడెక్కుతుంది.

బల్బు మారింది, ఫ్యాను మారలేదు

దీపాల విషయంలో జిల్లాల ప్రజలు త్వరగానే మారారు. 2014-15లో రాష్ట్రంలో పాత ఫిలమెంటు బల్బులు తీసుకుని ఎల్‌ఈడీ బల్బులను ఒక్కొక్కటి 10 రూపాయలకే ఇచ్చారు. 60 వాట్ల బల్బు స్థానంలో 7 వాట్ల దీపం వెలిగింది. కానీ ఏడాదిలో పది నెలలు తిరిగే సీలింగ్‌ ఫ్యాను మాత్రం చాలా ఇళ్లలో పాతదే. సాధారణ ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ మోటారు గల ఫ్యాను పూర్తి వేగంలో 30 వాట్లకు అటూ ఇటూగా తీసుకుంటుంది. రోజుకు 12 గంటలు తిరిగే ఒక్క ఫ్యానుపై నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. 2022 ఏప్రిల్‌ నుంచి అమలైన శ్లాబుల ప్రకారం 126 నుంచి 225 యూనిట్ల మధ్య ధర యూనిట్‌కు 6 రూపాయలు. అంటే నెలకు దాదాపు 96 రూపాయలు ఆదా. ఫ్యాను ధర సుమారు 3 వేల రూపాయలు అనుకుంటే రెండున్నరేళ్లకు సొమ్ము తిరిగి వస్తుంది. 225 యూనిట్లు దాటే ఇళ్లలో ఆపై శ్లాబు ధర 8.75 రూపాయలు కనుక ఇంకా ముందే వస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్‌ ఫ్యాన్లకు స్టార్‌ గుర్తు తప్పనిసరి అయినందున కొనేటప్పుడు పోల్చుకోవడం సులభం.

ఈ ఆదా బిల్లుతో ఆగదు. ఇళ్లలో ఎక్కువగా వాడే 12 వోల్టుల, 150 ఏహెచ్‌ బ్యాటరీలో లెక్క ప్రకారం 1,800 వాట్‌-అవర్ల శక్తి ఉంటుంది. ఇన్వర్టరులో పోయేది, బ్యాటరీ పాడవకుండా మిగల్చవలసింది తీసివేస్తే చేతికి దక్కేది 1,150 మాత్రమే. రెండు పాత ఫ్యాన్లు, చోకు గల మూడు ట్యూబులైట్లు కలిపి 300 వాట్లు. అది నాలుగు గంటలైనా నిండుగా రాదు. రెండు బీఎల్‌డీసీ ఫ్యాన్లు, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు మూడు అయితే 120 వాట్లు. అదే బ్యాటరీ తొమ్మిది గంటలు దాటి నిలుస్తుంది. రాత్రి పోయిన కరెంటు తెల్లవారేదాకా రాకపోయినా పసిపిల్లలు నిద్ర లేవరు. పెద్ద బ్యాటరీ కొనేముందు లోడు తగ్గించుకోవాలనేది ఇందుకే.

బ్యాటరీలో డిస్టిల్డ్‌ వాటరే పోయాలి, బోరు నీరు పనికిరాదు. ఛార్జింగు సమయంలో మండే గుణం గల హైడ్రోజన్‌ వాయువు వెలువడుతుంది కనుక గాలి ఆడే చోట ఉంచాలి. దీపారాధన జరిగే పూజ గది మూల అందుకు తగిన స్థలం కాదు.

పచ్చ తీగ ఎక్కడ?

ప్రాణాలతో ముడిపడినది ఎర్తింగు. త్రీపిన్‌ ప్లగ్గులోని పొడవాటి పిన్నుకు రావలసిన పచ్చ తీగ చాలా బోర్డుల్లో ఎక్కడికీ వెళ్లదు. ఇంటి పెరట్లో ఎర్తింగు గొయ్యి తవ్వి, బొగ్గు, ఉప్పు వేసి పైపు దింపినా, ఏళ్ల తరబడి పట్టించుకోకపోతే తుప్పుపట్టి తీగ ఊడిపోతుంది. డెల్టా నేలలో తేమ ఎక్కువ కాబట్టి ఎర్తు బాగా పనిచేయాలి. ఆ తేమే తుప్పుకూ కారణం. తడి నేలపై వట్టి కాళ్లతో నిలిచి మోటారు స్విచ్‌ వేసే ఇంట్లో ఇది చిన్న లోపం కాదు.

సర్వీసు తీగకు ఆధారంగా కట్టిన ఇనుప తీగకే బట్టలు ఆరేసే దండెం కట్టడం మరో ప్రమాదం. వానకు, ఎండకు తొడుగు చిట్లిన సర్వీసు తీగ ఆ ఇనుమును తాకితే తడి బట్ట పట్టుకున్న చేతికే దెబ్బ. దండేనికి నైలాను తాడు వాడితే ఖర్చు పదుల రూపాయల్లోనే.

ఎంసీబీ ఉంది కదా అని ధీమా పడేవారున్నారు. ఎంసీబీ తీగలను కాపాడుతుంది, మనిషిని కాదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. దానిపై ఉన్న ‘టెస్ట్‌’ మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. ఇన్వర్టరు బిగించాక ఆర్‌సీసీబీ ఊరికే పడిపోతోందని, దాన్ని తప్పించి డైరెక్టు చేయించుకునే ఇళ్లు ఉన్నాయి. సాధారణంగా లోపం ఆర్‌సీసీబీది కాదు, ఇన్వర్టరు లైను న్యూట్రల్‌ను మెయిన్‌ న్యూట్రల్‌తో కలిపేయడంది. రెంటినీ విడదీస్తే సమస్య తీరుతుంది. ఎలక్ట్రీషియన్‌కు పూటపని.

జనరేటరు, సౌర ఫలకాలు

తుపాను తర్వాత అద్దె జనరేటరు తెచ్చి ప్లగ్గు ద్వారా ఇంటి బోర్డుకు కలపడం అన్నింటికన్నా ప్రమాదకరం. మెయిన్‌ ఆపకపోతే ఆ 230 వోల్టుల విద్యుత్తు సర్వీసు తీగ మీదుగా వెనక్కి వెళ్లి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారగలదు. లైను ఆపివేశారన్న నమ్మకంతో స్తంభమెక్కిన లైన్‌మన్‌కు అది మృత్యువు. చేంజోవర్‌ స్విచ్‌ లేనిదే జనరేటరు కలపరాదు.

ప్రధానమంత్రి సూర్యఘర్‌ పథకం 2024 ఫిబ్రవరిలో మొదలైంది. కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు ఆపైన 78 వేల రూపాయల రాయితీ లభిస్తుంది. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల కప్పు కావాలి, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. పెరటి కొబ్బరిచెట్టు నీడ పడితే ఉత్పత్తి బాగా పడిపోతుంది. కాయలిచ్చే చెట్టును ఫలకం కోసం కొట్టించాలా అన్నది ఆ ఇంటివారి లెక్క. ముందుగా తెలుసుకోవలసింది ఒకటుంది. గ్రిడ్‌కు కలిపిన సాధారణ సౌర వ్యవస్థ కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్‌మన్‌ భద్రత కోసమే ఆ ఏర్పాటు. కోతల్లోనూ వెలుగు కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్‌ ఇన్వర్టరు తీసుకోవాలి, దాని ధర ఎక్కువ.

తెగి పడిన తీగను చూస్తే దగ్గరకు వెళ్లకుండా, కర్రతోనైనా కదపకుండా 1912 నంబరుకు ఫోన్‌ చేయాలి. సరఫరా ఆపినట్లు సిబ్బంది చెప్పేవరకు పశువులను అటు పోనీయరాదు.