కుమ్మరి యింటి పాఠము

దేవుడు కుమ్మరి, మనుష్యుడు మన్ను అను పోలిక క్రైస్తవ ప్రార్థనలలోను, ప్రసంగములలోను తరచుగా వినవచ్చును. కుమ్మరి యిచ్ఛయే సర్వమైనచో మంటికి చేయదగినది ఏమున్నదని కొందరు నిరాశ చెందుదురు. ఆ పోలిక పుట్టిన చరిత్రను పరిశీలించినచో అట్టి నిరాశకు తావులేదని మేము తలంచుచున్నాము.

క్రీస్తునకు సుమారు 600 ఏండ్లకు పూర్వము యూదా రాజ్యముపై బబులోను సామ్రాజ్యపు నీడ పడుచుండెను. ఆ దినములలో యిర్మీయా ప్రవక్త ఒక కుమ్మరి యింటికి వెళ్లెను. అచ్చట సారె తిరుగుచుండెను. హెబ్రీ భాషలో సారెకు వాడిన మాటకు 'జంట రాళ్లు' అని అర్థము. చేయుచున్న పాత్ర చేతిలోనే చెడిపోయెను. కుమ్మరి ఆ మన్ను పారవేయలేదు. దానితోనే వేరొక పాత్ర చేసెను. ప్రజలు చెడునడత విడిచినచో దేవుడును తన తీర్పును మార్చుకొనునని ప్రవక్త దీనికి అర్థము చెప్పెను.

తరువాతి అధ్యాయమున ఆయన ఒక మంటి కూజా కొని, పెద్దలను వెంటబెట్టుకొని హిన్నోము లోయకు పోయి, వారి యెదుట దానిని పగులగొట్టెను. అది మరల అతుకదనియు, పట్టణమునకును అదే గతి యనియు చాటెను.

ఈ రెండు ఘట్టములకు గల భేదము కుమ్మరి పని యెరిగినవారికి సులభముగా తెలియును. ఆరిన పచ్చికుండనైనను నీట నానబెట్టినచో మరల మన్నగును. ఆవములో సుమారు 600 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి సోకిన పిమ్మట, మంటి నిర్మాణములో లీనమైయున్న నీరు కూడ వెడలిపోవును. ఇక ఎంత నానబెట్టినను అది మెత్తబడదు. కనుక ఇచ్చట ప్రశ్న కుమ్మరి శక్తిని గూర్చినది కాదు, సమయమును గూర్చినది. మనస్సు పచ్చిగా నున్నపుడే మారవలెను. యెరూషలేము మారలేదు, క్రీ.పూ. 586 ప్రాంతమున అది బబులోను సేనల చేత ధ్వంసమయ్యెను.

అయినను కాలిన మంటికిని ఒక ప్రయోజనము కలదు. పట్టణము ముట్టడిలో నుండగనే యిర్మీయా అనాతోతులో 17 తులముల వెండికి పొలము కొని, ఆ క్రయపత్రమును బహుకాలము నిలుచుటకై మంటికుండలో పెట్టించెను. నాశనము కన్నులయెదుట నుండగా పొలము కొనుట విశ్వాసము కాక మరేమి? కుండ అట్లు కాపాడగలదని 1947లో ఋజువయ్యెను. మృతసముద్ర తీరమున కుమ్రాను గుహలో మంటిజాడులలో దొరికిన చుట్టలు సుమారు రెండువేల యేండ్లనాటివి. కుమ్మరి ఉపమానము గల యెషయా గ్రంథము మొదట దొరికిన వానిలో నొకటి.

క్రీ.శ. 1వ శతాబ్దిలో పౌలు కొరింథు సంఘమునకు వ్రాయుచు, విశ్వాసులను ఐశ్వర్యము దాచిన మంటి ఘటములతో పోల్చెను. ఘటము అల్పమైనది, పగులునది. విలువ లోపలి దానిది. మెత్తగా నున్నపుడు మలచబడుట, గట్టిపడిన పిదప అప్పగించినదానిని భద్రపరచుట: ఈ రెండును కుమ్మరి యింటి పాఠములే.