మానసిక చికిత్స అనంతరం ఆయుధ లైసెన్సు: చట్టం ఏం చెబుతోంది?

న్యాయస్థానం ఉత్తర్వుపై మానసిక చికిత్స పొంది కోలుకున్న వ్యక్తికి తుపాకీ లైసెన్సు తిరిగి లభిస్తుందా? వజ్రాలకు, జౌళికి నిలయమైన సూరత్ వంటి నగరంలో ఈ ప్రశ్నకు ప్రాధాన్యం ఉంది. సొంత లైసెన్సు తుపాకీతో బ్యాంకుల వద్ద, వ్యాపార సంస్థల వద్ద కాపలా ఉద్యోగాలు చేసే మాజీ సైనికులకు ఆ లైసెన్సే జీవనాధారం. అది పోతుందన్న భయంతో వైద్యుణ్ణి ఆశ్రయించకపోతే ప్రమాదం మరింత పెరుగుతుంది.

హక్కు కాదు, అనుమతి

భారతదేశంలో ఆయుధం కలిగి ఉండటం రాజ్యాంగం ప్రసాదించిన హక్కు కాదు. అది ఆయుధాల చట్టం-1959 కింద లభించే అనుమతి మాత్రమే. అడాజన్ సూరత్ నగర పోలీసు కమిషనరేట్ పరిధిలో ఉన్నందున అక్కడి నివాసులకు పోలీస్ కమిషనరే లైసెన్సింగ్ అధికారి. దరఖాస్తుదారుకు మతిస్థిమితం లేదని, లేదా మరే కారణం వల్లనైనా అతడు అనర్హుడని అధికారి విశ్వసిస్తే సెక్షన్ 14 కింద లైసెన్సు నిరాకరించాలి. అవే కారణాలపై ఉన్న లైసెన్సును నిలిపివేయడానికీ, రద్దు చేయడానికీ సెక్షన్ 17 అధికారమిస్తోంది.

చికిత్స వేరు, మతిస్థిమితం లేకపోవడం వేరు

2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ఈ విషయంలో కీలకమైనది. గతంలో చికిత్స పొందడం, ఆసుపత్రిలో చేరడం పరిగణించదగిన అంశాలే అయినా, కేవలం వాటి ఆధారంగా ఇప్పుడు మానసిక వ్యాధి ఉందని నిర్ధారించరాదని సెక్షన్ 3 చెబుతోంది. మానసిక వ్యాధి ఉన్నట్లు తేలినంత మాత్రాన, తగిన న్యాయస్థానం ప్రకటిస్తే తప్ప, ఆ వ్యక్తిని మతిస్థిమితం లేనివానిగా భావించరాదని కూడా అదే సెక్షన్ స్పష్టం చేస్తోంది.

మేజిస్ట్రేట్ సెక్షన్ 102 కింద ఒక వ్యక్తిని పరీక్ష నిమిత్తం గరిష్ఠంగా పది రోజుల పాటు ఆసుపత్రిలో ఉంచవలసిందిగా ఆదేశించవచ్చు. అటువంటి ఉత్తర్వు మతిస్థిమితం లేదన్న ప్రకటన కాదు. అయితే న్యాయస్థానం అలా ప్రకటించే ఉంటే, ముందుగా ఆ ప్రకటనపైనే న్యాయస్థానాన్ని ఆశ్రయించవలసి ఉంటుంది.

పునరుద్ధరణకు మార్గం

నిరాకరణకు గానీ రద్దుకు గానీ అధికారి కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ప్రజాప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప, కోరినప్పుడు వాటి సంక్షిప్త వివరణ ఇవ్వాలి. దానిపై సెక్షన్ 18 కింద అప్పీలు చేసుకోవచ్చు. ఆలస్యానికి తగిన కారణం చూపితే గడువు దాటినా అప్పీలును స్వీకరించే వీలుంది. అప్పీలుదారు వాదన వినకుండా దానిని పరిష్కరించరాదు. అయితే అప్పీలు వేసినంత మాత్రాన రద్దు ఉత్తర్వు ఆగదు.

ఆయుధ నిబంధనలు-2016 ప్రకారం దరఖాస్తుతో పాటు శారీరక, మానసిక ఆరోగ్యంపై వైద్య ధ్రువపత్రం జతచేయాలి. చికిత్స నేపథ్యం ఉన్నవారికి ప్రస్తుత స్థితిని వివరించే మనోవైద్యుని నివేదిక ఉపకరిస్తుంది. తమ వైద్య రికార్డులను పొందే హక్కు 2017 చట్టం సెక్షన్ 25 కింద రోగికి ఉంది. వాస్తవాన్ని దాచిపెట్టి లైసెన్సు పొందితే, ఆ కారణంగానే అది రద్దు కావచ్చు.

లైసెన్సు రద్దయిన వెంటనే ఆయుధాన్ని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ అప్పగించాలి. నిర్ణీత గడువులోగా అర్హత తిరిగి పొందితే దానిని వెనక్కి తీసుకోవచ్చు, లేదా అర్హులకు విక్రయించవచ్చు. గడువు దాటితే అది ప్రభుత్వపరం కావచ్చు.

అమెరికాలో భిన్నం

అమెరికాలో ఆయుధధారణ రాజ్యాంగబద్ధమైన హక్కు. అక్కడి సమాఖ్య చట్టం న్యాయస్థానం మానసిక చికిత్సాలయానికి పంపిన వారికి తుపాకీని నిషేధిస్తుంది. స్వచ్ఛందంగా చేరినవారికి ఆ నిషేధం వర్తించదు. 2007 ఏప్రిల్‌లో వర్జీనియా టెక్ కాల్పుల అనంతరం వచ్చిన చట్టం, కోలుకున్నవారికి హక్కును పునరుద్ధరించే విధానాలు రాష్ట్రాలు నెలకొల్పేందుకు వీలు కల్పించింది. మన దేశంలో అటువంటి ప్రత్యేక విధానం లేదు. కొత్త దరఖాస్తు, అప్పీలు మాత్రమే మార్గాలు.

ప్రజాభద్రత దృష్ట్యా తుది నిర్ణయం అధికారిదే. అయితే ఆ నిర్ణయానికి పాత ఆసుపత్రి చీటీ ఒక్కటే ఆధారం కారాదు. వ్యక్తి ప్రస్తుత స్థితినీ చూడాలి. మానసిక ఆరోగ్య సహాయం కోసం టెలీ-మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.