‘కతే’ ఏ లుగత్‌లో ఉంది?



పోయిన ఈద్‌కి ఆమదాలవలసలో మా ఇంటికి ఉత్తరాది నుంచి ఒక మెహమాన్ వచ్చారు. మా భాంజీ ఆయనతో “అబ్బా కల్ ఆతే కతే” అంది. ఆయన నవ్వి, “బేటా, ఈ ‘కతే’ ఏ లుగత్‌లో ఉంది?” అన్నారు. ప్యార్‌గానే అడిగారు. కానీ ఆ సాయంత్రమంతా పిల్ల ఆయన ముందు నోరు విప్పలేదు.

ఆ సవాల్‌కి జవాబ్ వెతుకుతూ నేను, మనుషులు పనిగట్టుకుని కల్పించిన జబాన్‌ల తారీఖ్ దాకా వెళ్లాను.

16వ శతాబ్దంలో ఎదిర్నేలో పుట్టి, కైరోలో స్థిరపడిన ముహియీ గుల్షనీ అనే సూఫీ ‘బాలైబలన్’ అనే కొత్త భాష తయారుచేశారు. లఫ్జ్‌లు చాలావరకు సొంతంగా అల్లారు. వాటిని కలిపి జుమ్లా చేసే దగ్గర మాత్రం అరబీ, ఫార్సీ, తుర్కీ ఖవాయిద్ బాటే పట్టారు. 1813లో ఫ్రెంచ్ ఆలిమ్ సిల్వెస్త్ర్ ద సాసీ దాని గురించి రాశారు.

1887లో వార్సాలో జామెన్‌హాఫ్ ఎస్పెరాంటో తెచ్చారు. ఉర్దూ ‘ఔర్’ చేసే పనికి గ్రీకు నుంచి ‘కాయ్’ తీసుకున్నారు. మన ‘ని, ను’, ఉర్దూ ‘కో’ చేసే పనికి మాట చివర ఒక్క ‘న్’ పెట్టారు. 2015లో ‘బాహుబలి’ కాలకేయుల కోసం మదన్ కార్కీ రూపొందించిన కిలికిలో ‘మిన్’ అంటే నేను, ‘నిమ్’ అంటే నువ్వు. ఒకదాన్ని తిరగేస్తే రెండోది!

అంటే, పెద్ద మాటలు ఎన్ని అల్లినా చిన్న మాటలు లేనిదే భాష నడవదు. అందుకే వీళ్లంతా వాటి కోసం అంత మెహనత్ చేశారు.

మన దక్కనీని మాత్రం ఎవరూ కూర్చుని తయారుచేయలేదు. పొరుగువాళ్లతో కలిసి బతుకుతుంటే అదే అయింది. ‘నక్కో’ మరాఠీ ఇచ్చింది. “వస్తాడంట” అనే చోట “ఆతా కతే” అంటాం. తెలుగు ‘అని’ ఉండే చోట ‘బోల్కే’ అంటాం. లఫ్జ్ ఉర్దూది, చేసే పని తెలుగుది. పైగా ‘కతే’లో ఒక అమానత్ ఉంది: ఇది నా కళ్లతో చూసింది కాదు, విన్న రివాయత్ అని ముందే చెప్పేస్తుంది.

ఇదంతా భాంజీకి చెప్పాను. కాసేపు ఆలోచించి, “అయితే నాది గలత్ కాదంట కదా, మామూ!” అంది.

పిల్లలకు కితాబీ ఉర్దూ జరూర్ నేర్పండి. కానీ ‘కతే’ అన్నందుకు వాళ్లని శర్మిందా చేయకండి. అలా చేస్తే మాట మారదు, పిల్లలే మాట్లాడటం మానేస్తారు.